ముంబైకి పదహారు గంటలు

రాజమండ్రి విమానాశ్రయం నుంచి ముంబై విమానాశ్రయానికి ఎంత దూరమని అడిగితే ఫోన్ ఉన్న ఎవరైనా చెబుతారు. దాదాపు తొమ్మిది వందల డెబ్బై కిలోమీటర్లు, గాలిలో రెండు గంటల లోపు. సత్యకుమారిని అడిగితే పదహారు గంటలు అంటుంది. ఆ పదహారులో ఒక్క గంట కూడా తగ్గించనని మొన్న వేసవిలో ఆమె మా హేచరీలో ఎలా నిలబడిందో చూసినవాళ్లలో నేనొకణ్ణి. అక్కడ తొట్లలోకి గాలి కొట్టే బ్లోయర్లూ, జనరేటర్లూ చూడటం నా పని.

మా హేచరీ మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉంది. తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, చెరువుల రైతులకు అమ్ముతాం. ఆ పిల్లను సీడ్ అంటాం. అమ్మకానికి వచ్చిన సీడ్ మనిషి కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. దాన్ని నీళ్లతో సహా ప్లాస్టిక్ బ్యాగులో పోసి, పైన ఆక్సిజన్ నింపి, మెడ మెలిపెట్టి మడిచి, రబ్బరు బ్యాండ్లు బిగిస్తారు. రెండేసి బ్యాగులు ఒక థర్మాకోల్ పెట్టెలో పెడతారు. బ్యాండ్లు బిగించడాన్ని మా షెడ్డులో ముడి వేయడం అంటారు. ముడి పడ్డాక లోపలి పిల్లకు ఉన్న గాలి అంతే, నీళ్లు అంతే. మళ్లీ ముడి విప్పేదాకా అది బతకాలి. అందుకే బ్యాగుకి ఎంత పిల్ల పోయాలి, నీళ్లు ఎంత చల్లబరచాలి అన్నది ప్రయాణం ఎన్ని గంటలో తెలిస్తేనే తేలుతుంది. చల్లదనం ఎక్కువైతే పిల్ల మందగించి గాలి తక్కువ వాడుకుంటుంది. పిల్ల ఎక్కువైతే గాలి తొందరగా అయిపోతుంది. ఆ గంటలు నిర్ణయించేది సత్యకుమారి. షెడ్డులో గోడకున్న బోర్డు మీద ఆమె అంకె వేస్తుంది, ఎనిమిది మంది ఆడవాళ్లు ఆ అంకెకు తగ్గట్టు కడతారు.

ఆమె ఎనిమిదో తరగతి వరకే చదివింది. తండ్రి పెదబాబు సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాడు. వేట లేని రోజుల్లో ఇతర పడవల చేప కొని, నర్సాపురం రేవు దాటించి సఖినేటిపల్లి వైపు అమ్మేవాడు. నర్సాపురం రేవులో నిలబడితే గోదావరి అవతల సఖినేటిపల్లి కంటికి కనబడుతూనే ఉంటుంది. బళ్లనీ మనుషుల్నీ దాటించే పంటు వెంటనే దొరికితే అరగంటలో అవతల ఉండొచ్చు. పోటు లేక ఇసుక తేలినా, పంటు నిండా ముందే బళ్లు ఎక్కేసినా, చేపల బుట్టతో రెండు మూడు గంటలు ఎండలో కూర్చోవాలి. అందుకని పెదబాబు ముందు రేవుకు వెళ్లి పంటు మనిషిని కనుక్కుని, తరువాత ఐసు కొనేవాడు. కూతురు ఎంత కొట్టాలి అని అడిగితే, "ఇవాళ సఖినేటిపల్లి రెండు గడ్డల దూరంలో ఉందమ్మా, రెండూ కొట్టు" అనేవాడు. మర్నాడు అదే ఊరు ఒక్క గడ్డ దూరంలో ఉండేది. పదేళ్ల పిల్లగా ఐసు గడ్డలు గోనెలో చుట్టి సుత్తితో కొట్టిన మనిషికి దూరం కిలోమీటర్లలో ఉంటుందంటే నమ్మకం ఎలా కుదురుతుంది?

హేచరీలో బకెట్లు కడిగే పనికి చేరింది. తరువాత పిల్లను కప్పుతో తీసి లెక్కపెట్టే పనికి మారింది. ఎవరూ నేర్పలేదు. టెక్నీషియన్లు థర్మామీటర్ నీళ్లలో ముంచుతుంటే వెనక నిలబడి చూసింది. ఖాళీగా ఉన్నప్పుడు పాత బ్యాగుల్లో ఇంత పిల్ల పోసి ముడి వేసి, షెడ్డు మూల నీడలో పెట్టి, ఎన్ని గంటలకు పిల్ల తెల్లబడి చచ్చిపోతుందో తనే చూసుకుంది. నాలుగు గంటలకు ఇంత, పది గంటలకు ఇంత అని చేతికి వచ్చేసరికి రెండేళ్లు పట్టింది.

అయినా ఒక తప్పు జరిగింది. అది ఎనిమిదేళ్ల కిందటి మాట. వ్యాను బయల్దేరేటప్పుడు ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టడం మా దగ్గర అలవాటు. కాయ కొట్టిన టైమునే పెట్టెల స్లిప్పుల మీద రాసేవాళ్లం. ప్రయాణం అక్కడ మొదలైనట్టు అందరి మనసులోనూ ఉండేది, సత్యకుమారి మనసులో కూడా. ఆ రోజు కోల్‌కతా వైపు రెండు వందల పెట్టెల లోడు. కట్టడానికే మూడున్నర గంటలు పట్టింది. కాయ కొట్టి, టైము రాసి పంపాం. అక్కడ విప్పితే సుమారు సగం పెట్టెల్లో పిల్ల బతికే ఉంది, సగం పెట్టెల్లో తెల్లగా అడుగుకు చేరి ఉంది. నీళ్లు బాగాలేవని ఒకరు, ఆక్సిజన్ సిలిండర్ పాతదని ఒకరు వాదించుకున్నారు. సత్యకుమారి ఒక్కటే అడిగింది, చచ్చినవి ఏ నంబరు పెట్టెలు అని. ఒకటి నుంచి తొంభై దాకా అని తెలిసింది. ముందు కట్టినవి. కాయ కొట్టేసరికే వాటి వయసు రెండు గంటల నుంచి మూడున్నర గంటల దాకా ఉంది.

ఆ మర్నాటి నుంచి ప్రతి బ్యాగు మీదా ముడి వేసిన టైము మార్కరుతో రాయించింది. కొబ్బరికాయను కూడా జరిపింది. మొదటి ముడి పడే ముందు షెడ్డు గడప మీద కొట్టించడం మొదలుపెట్టింది. వ్యాను డ్రైవరు గణేష్‌బాబు చాలా రోజులు నవ్వాడు.

"షెడ్డుకి కాయ కొడతావేంటి పిన్నీ? షెడ్డేమన్నా హైదరాబాదు వెళ్తుందా?"

"నీ వ్యాను కదిలేసరికి నా పిల్ల సగం దారి వెళ్లిపోయుంటుందిరా. నువ్వే వెనకపడ్డావు" అనేది.

మొన్న వేసవిలో ముంబై దగ్గర పాల్ఘర్ నుంచి ఒక రైతు సీడ్ అడిగాడు. మూడు చెరువులకు పన్నెండు లక్షల అరవై వేలు కావాలి. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి ముంబైకి నేరుగా వెళ్లే విమానంలో మా ఓనరు గంగరాజుగారు అరవై పెట్టెలకు చోటు సంపాదించారు. అంతకు మించి ఒక్క పెట్టె కూడా పట్టదన్నారు.

ఆ పని చూడటానికి కొత్త మేనేజరు ఉదయ్‌భాస్కర్ ఉన్నాడు. అమలాపురం వైపు కుర్రాడు, ఫిషరీస్‌లో ఎమ్మెస్సీ చదివాడు. ఎవరినీ మీరు అని తప్ప పిలవడు. లోడు పంపాల్సిన రోజు పొద్దున్న ఐదింటికి సత్యకుమారి షెడ్డులోకి వచ్చేసరికి బోర్డు మీద అప్పటికే అతని చేతిరాత ఉంది. ముంబై, ఎనిమిది గంటలు, బ్యాగుకి పదివేల ఐదు వందలు, ఇరవై నాలుగు డిగ్రీలు.

ఆమె చెంగు నడుముకు దోపుకుంటూ బోర్డు చదివింది.

"సార్, ఈ ఎనిమిది ఎక్కడ దొరికిందండి మీకు?"

"లెక్కేశానండి. మన వ్యాను మూడు గంటలు. ఫ్లైట్ రెండు గంటలు. అక్కడ్నించి పాల్ఘర్ రెండున్నర. ఏడున్నర. ఇంకో అరగంట కలిపాను." ఫోన్ చూపించాడు. "ఇదిగోండి సత్యకుమారిగారూ, ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి దూరం, టైము రెండూ ఉన్నాయి."

"ఎయిర్‌పోర్టులో చెరువుందాండి?"

"ఏంటండి?"

"మన పిల్లని ఎయిర్‌పోర్టులో వదులుతారా అంటున్నా."

ఆడవాళ్లు నవ్వారు. ఉదయ్‌భాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి, కానీ అతను కూడా నవ్వాడు.

సత్యకుమారి వేళ్లు మడిచింది. "పావు తక్కువ ఆరుకి మొదటి ముడి పడుద్దండి. ఆఖరి ముడి పడేసరికి ఏడున్నర. ఎక్కించి వ్యాను తియ్యడానికి ఎనిమిది. మధురపూడి పదకొండు, పదకొండున్నర. ప్లేను రెండున్నరకి కదండీ, అందాకా పెట్టెలు ఎక్కడుంటాయి? అక్కడే కూర్చుంటాయి. నాలుగున్నరకి దిగుద్ది. సామాను బయటికి రావడానికి రెండు గంటలు వేసుకోండి. పాల్ఘర్ వెళ్లేసరికి తొమ్మిది దాటుద్ది. బ్యాగుల్ని చెరువు నీళ్లలో అరగంట తేలేస్తే గానీ ముడి విప్పకూడదు. పావు తక్కువ పది. ఎన్నయిందండి?"

"పదహారు" అన్నాడు అతను మెల్లగా. మళ్లీ వెంటనే, "కానీ ఆగి ఉన్న టైములో ఏసీ షెడ్డులో ఉంటాయి కదండీ" అన్నాడు.

"ఆగి ఉన్నప్పుడు పిల్ల ఊపిరి ఆపుద్దాండి?"

తడి చేత్తో బోర్డు తుడిచేసింది. పదహారు గంటలు, ఏడు వేలు, ఇరవై రెండు డిగ్రీలు అని రాసింది.

ఏడు వేల చొప్పున నూట ఇరవై బ్యాగులంటే ఎనిమిది లక్షల నలభై వేలు. రెండు చెరువులకే సరిపోతుంది. ఉదయ్‌భాస్కర్ ఓనరుకు ఫోన్ చేశాడు. ఇల్లు దగ్గరే కాబట్టి పది నిమిషాల్లో గంగరాజుగారు స్కూటర్ మీద వచ్చేశారు. గడప మీద కొట్టడానికి పెట్టిన కొబ్బరికాయ దాటుకుని లోపలికి వచ్చారు.

"ఏంటమ్మా సత్యకుమారీ, ఆయన మూడు చెరువులకీ నీళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక చెరువు ఖాళీగా ఉంటే ఇంకో హేచరీకి ఫోన్ చేస్తాడు. మళ్లీ మన మొహం చూస్తాడా?"

"మూడు చెరువుల్లో చచ్చిన పిల్ల పోస్తే చూస్తాడాండి?"

"ప్రతిదానికీ చావు అంటావేంటి! చదువుకున్న కుర్రాడు లెక్కేశాడు కదా."

"లెక్క బాగానే వేశారండి. కదిలినప్పటి టైము వేశారు, ఆగినప్పటిది వదిలేశారు."

గంగరాజుగారు మాట మార్చకుండా రమ్యశ్రీ వైపు తిరిగారు. సత్యకుమారి తరువాత షెడ్డులో చేయి తిరిగిన మనిషి ఆమె. "అమ్మాయ్, మీరు కట్టండి. పదివేల ఐదు వందలు."

"ఆయ్, కడతామండి" అంది రమ్యశ్రీ. "స్లిప్పు మీద కట్టించినవాళ్ల పేరుంటది కదండీ. ఎవరి పేరు రాయమంటారు? మీదా?"

ఉదయ్‌భాస్కర్ ముందుకొచ్చాడు. "నా పేరు రాయండి. చెప్పింది నేను కదా."

సత్యకుమారి అతని వైపు కొంచెం సేపు చూసింది. కోపం తగ్గినట్టు లేదు గానీ మాట మారింది.

"పేరు రాస్తే ఏముందండి, పేరు ఇక్కడే ఉంటది. పెట్టెలతో పాటు మీరు వెళ్లండి. అక్కడ మీ చేత్తో మొదటి బ్యాగు విప్పండి. ఇవాళ నా లెక్కతో కడతాను. మీరు ఎనిమిది గంటలకి, పోనీ పది గంటలకే విప్పానని చెప్పండి. రేపట్నించి ఈ బోర్డు మీద మీరే రాయండి, నేను మీరన్నంత కడతాను. నోరెత్తితే అడగండి. పదహారు పడితే మాత్రం గంటల జోలికి ఎవ్వరూ రాకూడదు, ఓనరుగారితో సహా."

ఆమెకున్నది ఆ బోర్డు ఒక్కటే. కడిగే పనినుంచి ఇరవై రెండేళ్లు పట్టింది దాని దాకా రావడానికి. ఇక్కడ ఉన్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. గంగరాజుగారు గడ్డం గోక్కుని, మూడో చెరువుకి రెండు రోజుల్లో పంపుతానని రైతుకు చెప్పుకోవచ్చని లెక్క చూసుకున్నట్టున్నారు. "సరే కానివ్వండి" అన్నారు. అప్పటికప్పుడు ఉదయ్‌భాస్కర్‌కి ఆ విమానంలోనే టికెట్ తీయించారు.

పావు తక్కువ ఆరుకు కాయ కొట్టారు. మొదటి ముడి సత్యకుమారి వేసింది. ఆమె ముడి వేయడం చూడదగ్గ పని. బ్యాగు మెడను ఎడమ చేత్తో పట్టి, కుడి చేత్తో ఆక్సిజన్ గొట్టం లాగేసిన మరుక్షణమే మెలి పడిపోతుంది. మెలి గట్టిపడి తాడులా అయ్యాక మడత, మడత మీద రెండు బ్యాండ్లు. తరువాత బ్యాగుని తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. గాలి కారుతుంటే సన్నగా చప్పుడు వస్తుందట, నాకెప్పుడూ వినబడలేదు. దారిలో ఆకలేసి పిల్ల ఒకదాన్నొకటి తినకుండా ప్రతి బ్యాగులోనూ కాస్త మేత వేస్తారు. ఎంత అంటే చిటికెడు అంటుంది. ఆ చిటికెడు ఆమె వేళ్లతో తీస్తే ఒకటి, నా వేళ్లతో తీస్తే ఒకటి. అందుకే ప్లాస్టిక్ చెంచా ఒకటి కోసి సైజు చేసి అందరికీ ఇచ్చింది.

ఎనిమిదికి వ్యాను వెళ్లింది. ముందు సీట్లో గణేష్‌బాబు పక్కన ఉదయ్‌భాస్కర్.

తొమ్మిదిన్నర దాటాక మొదటి ఫోన్ వచ్చింది. రావులపాలెం దగ్గర అరటి గెలల లారీలు అడ్డం పడ్డాయని, ఇరవై నిమిషాలుగా కదల్లేదని. సత్యకుమారి తొట్లు కడిగిస్తూ, "మీ ఫోన్‌లో ఆ లారీలు లేవాండి?" అంది. పదకొండున్నర దాటాక పెట్టెలు అప్పగించామన్నాడు. బరువు తూచారు, స్కానింగ్‌కి వరసలో పెట్టారు.

భోజనాలు అయ్యాక, సరిగ్గా పావు తక్కువ రెండుకి ఆమే ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది, అందరం చుట్టూ ఉన్నాం.

"ఎక్కడున్నారండి సార్?"

"మధురపూడిలోనే అండి. సెక్యూరిటీ అయింది. లోపల కూర్చున్నాను."

"పెట్టెలెక్కడండి?"

"అద్దంలోంచి కనబడుతున్నాయండి. ట్రాలీ మీద ఉన్నాయి."

"ఎండలోనా?"

"లేదండి, నీడే."

"ఇప్పుడు టైమెంతండి?"

"పావు తక్కువ రెండు" అన్నాడు.

"మీ ఎనిమిది గంటలు అయిపోయాయండి. వెళ్లి విప్పేయండి మరి."

రమ్యశ్రీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అవతల అతను నవ్వలేదు. "విమానం ఇంకా ఎగరనే లేదండి సత్యకుమారిగారూ" అన్నాడు. ఆ గొంతులో వాదన లేదు. పెట్టెల్లో ఉన్నదాని గురించి మొదటిసారి భయపడ్డ మనిషి గొంతు అది.

ఐదింటికి ముంబై నుంచి ఫోన్. అతను తన సంచి భుజాన వేసుకుని అప్పటికే బయటికి వచ్చేశాడు. పెట్టెలు రాలేదు. ఒకే విమానంలో వెళ్లారు, ఒకే చోట దిగారు, మనిషికి అరగంట పట్టింది, పెట్టెలకు ఇంకా ఎంత పడుతుందో చెప్పేవాళ్లు లేరు. ఆరున్నరకు మళ్లీ చేశాడు. కాగితాల దగ్గర వరస ఉందన్నాడు. ఆరూ యాభైకి పెట్టెలు చేతికొచ్చాయి. అరవై లెక్క సరిపోయింది, ఒక్కటీ కారలేదు.

"మీరు పడుకోకండి, విప్పగానే చేస్తాను" అన్నాడు.

"నేను తొమ్మిదికి పడుకుంటానండి. నా పని పొద్దున్నే అయిపోయింది. మీరు చూసి రేపు చెప్పండి" అని ఫోన్ పెట్టేసింది. అలాగే పడుకుందని ఆమె మొగుడు సురేష్‌బాబు తరువాత నాతో అన్నాడు. నేను నమ్మాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికి గంగరాజుగారే షెడ్డుకి వచ్చి, ఉదయ్‌భాస్కర్ ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టారు. మొదటి బ్యాగు రాత్రి పది ఇరవైకి విప్పామని అతను చెప్పాడు. పదహారు గంటల ముప్ఫై ఐదు నిమిషాలు. నూట ఇరవై బ్యాగుల్లోనూ పిల్ల బతికుంది. రైతు టార్చి వేసి చూసి, మూడో చెరువు మీ కోసమే ఉంచుతానన్నాడట.

ఓనరు మొహం వెలిగిపోయింది. "చూశావా! పదహారున్నర దాటినా ఒక్క బ్యాగు పోలేదు. అంటే మనం మరీ ఎక్కువ జాగ్రత్త పడ్డట్టే కదా. రేపటి లోడుకి బ్యాగుకి ఇంకో వెయ్యి వేద్దాం."

"పట్టదండి."

"ఎందుకు పట్టదు? బతికాయి కదా!"

సత్యకుమారి ఫోన్ వైపు వంగింది. "సార్, మొదటి బ్యాగు విప్పగానే పిల్ల ఎలా ఉందండి? ఈదిందా?"

"లేదండి" అన్నాడు ఉదయ్‌భాస్కర్. "అడుగున కూర్చుంది. నేను పోయిందనే అనుకున్నాను. పది నిమిషాలకి ఒక్కొక్కటీ లేచింది. గంగరాజుగారూ, ఇంకో వెయ్యి వేస్తే లేచేది కాదండి. నేను చూశాను."

"నువ్వూ ఆవిడ పక్షమేనా?"

"పక్షం కాదండి. చేతిలో పట్టుకుని చూశాను."

గంగరాజుగారు ఇంకోసారి ప్రయత్నించారు. "పోనీ ఐదొందలు."

"నిన్న అరటి లారీలు ఇరవై నిమిషాలు ఆపాయండి" అంది సత్యకుమారి. "రేపు రెండు గంటలు ఆపితే మీ ఐదొందల్ని ఏ లారీ కింద దాచమంటారు? నేను పెంచనండి. తగ్గిస్తున్నాను." సుద్ద తీసుకుని ముంబై ఎదురుగా పదిహేడు వేసింది. బ్యాగుకి ఆరు వేల ఎనిమిది వందలు.

"నిన్న పదహారన్నావు కదే!"

"నిన్న నేను ఊహించి చెప్పానండి. సార్ వెళ్లి చూశారు. ఆయన చూసింది పదహారున్నర దాటింది. చూసింది రాస్తాను గానీ కావాల్సింది రాయను."

ఆయన బోర్డు వంకా ఆమె వంకా చూశారు. మాట ఇచ్చింది ఎనిమిది మంది ఎదుట. చేయి ఎత్తి బోర్డు తుడవాలంటే తుడవొచ్చు, హేచరీ ఆయనదే. తుడవలేదు. "నీతో ఎవరు పడతారే తల్లీ" అని గొణుక్కున్నారు.

మూడో రోజు పొద్దున్న మూడో చెరువు లోడు మొదలైంది. ఉదయ్‌భాస్కర్ ఇంకా పాల్ఘర్‌లోనే ఉన్నాడు, దించుకోవడానికి. ఓనరు ఎప్పుడూ లేనిది ఆరింటికే వచ్చి షెడ్డు మధ్యలో, ఆక్సిజన్ గొట్టానికీ పెట్టెల వరసకీ మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డారు. బహుశా పిల్ల ఎంత పోస్తున్నారో కప్పులు లెక్కపెడుతున్నారేమో. సత్యకుమారి నిండిన బ్యాగు ఎత్తుకుని ఆయన ముందుకొచ్చి ఆగింది.

"పక్కకి జరగండి ఓనరుగారూ. మీరు నిలబడ్డ టైము కూడా ఇందులోదే."

ఆయన జరిగారు. ఆమె బ్యాగు కింద పెట్టి, మెడ పట్టి, మెలి తిప్పింది.